ఎడమ పురి తాడు

గోగులమ్మ కోపం సంగతి దానపురి రాజ్యంలో పసిపిల్లలక్కూడా తెలుసు. ఆవిడ కోపంగా నిద్రలేచిన రోజున ఆ వీధిలో పాలు పొయ్యి ఎక్కకుండానే పొంగిపోయేవి. ఒకసారి ఆవిడ తిట్టిన తిట్టుకి, పంటల మీదికి వస్తున్న మిడతల దండు గాల్లోనే ఆగి, కాసేపు ఆలోచించుకుని, పక్క రాజ్యం వైపు వెళ్ళిపోయింది. దాని గురించి పక్క రాజు ఇప్పటికీ రాయబారాలు పంపుతున్నాడు. ఇవన్నీ ఆవిడ అరిచిన రోజుల సంగతులు.

ఇవాళ ఆవిడ అరవడం లేదు. అందుకే వీధి కుక్కలు కూడా మంచాల కిందికి దూరి కూర్చున్నాయి.

గోగులమ్మ తన తాళ్ళవాడ మధ్యలో నిలబడి చూస్తోంది. తాడు పేనేవాళ్ళు పురి ఎక్కించుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తారు కదా, ఆ నడకకోసం వరసగా పాతిన గుంజలన్నీ పీకి పారేశారు. రాట్నాన్ని గొడ్డలితో నరికారు. ఏట్లో నానబెట్టి, బాది, దువ్వి, ఆరబెట్టిన గోగునార మోపులు ఇంకా పొగలు కక్కుతున్నాయి. నార పోతే పోయింది, మళ్ళీ మొలుస్తుంది. పేనే పిల్లలు లేరు. ఒక్కతీ లేదు. తెల్లారేసరికి రాజభటులు వచ్చి అందర్నీ బళ్ళెక్కించి దయామందిరానికి తోలుకుపోయారు. ఆ వేళప్పుడు గోగులమ్మ ఏటిగట్టున నార ఉతుకుతోంది. ఆ భటులు అదృష్టవంతులు.

దయామందిరం అంటే మామూలు కట్టడం కాదు. పాముగొంతు లోయ అంచున, కొండ కొసన, చంద్రకాంత శిలల మెట్లతో, కన్నీటిబొట్టు ఆకారంలో మలిచిన స్ఫటిక కలశాలతో మెరిసిపోయే మేడ. ప్రతి స్తంభం మీదా చాచిన అరచేతులు చెక్కారు. పొద్దుటి ఎండ పడితే ఆ కలశాలు నిజంగా ఏడుస్తున్నట్టు జలజలా వెలుగు కార్చేవి. దాన్ని కట్టించిన దయాసాగర మహారాజుకి దానం చెయ్యడమంటే ప్రాణం. దానం చెయ్యాలంటే పేదవాళ్ళు ఉండాలి కాబట్టి, రాజ్యంలో వాళ్ళు ఎక్కడా తగ్గిపోకుండా కంటికి రెప్పలా చూసుకునేవాడు.

మందిరంలో పద్ధతి ఇది. అమ్మా నాన్నా లేని ఆడపిల్లలు వరసగా నిలబడి చేతులు చాచాలి. గరిటెడు గంజి పడాలి. "మీ చలవ ప్రభూ" అనాలి. అది చూసి సామంతులు పట్టు రుమాళ్ళతో కళ్ళొత్తుకుని, ఏడ్చిన అలసటకి ఆకలేసి, పక్క గదిలో విందుకి పోవాలి. ఆ పిల్లలకి పని నేర్పడం మాత్రం రాజద్రోహం. పని వచ్చిన పిల్లని చూస్తే సామంతులకి ఏడుపు రాదు మరి. పెద్దయ్యి, జాలి పుట్టించే వయసు దాటిపోయాక, వెనకవాకిలి తీసి బయటికి తోసేసేవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళు ఏ గుమ్మం ముందు నిలబడ్డారో, ఎవరి చేతిలో పడ్డారో అడిగినవాడు లేడు.

అడిగింది గోగులమ్మ ఒక్కతే. వెనకవాకిలి దగ్గర మొదట దొరికింది చుక్కి. పదహారేళ్ళ పిల్ల. చేతులు చాచడం తప్ప వాటితో ఇంకేం చెయ్యొచ్చో తెలీదు. "ఇవి దేనికే?" అని గోగులమ్మ దాని వేళ్ళు పట్టుకుని అడిగితే, "అడుక్కోడానికి" అంది. ఆ మాటకి వచ్చిన కోపంలోనే గోగులమ్మ తాళ్ళవాడ పెట్టింది. చుక్కి తర్వాత ఇంకొకత్తె, ఆ తర్వాత గోడ దూకి పారిపోయొచ్చిన చిన్నవాళ్ళు కూడా, వాడంతా పిల్లలే. నార తడపడం, చిక్కు తియ్యడం, పేటలు కలపడం, పురి బిగించడం. పలుపులు, పగ్గాలు, చేంతాళ్ళు, ఓడలు కట్టే మోకులు. పడవవాళ్ళు తాళ్ళు తీసుకుని బియ్యం, బెల్లం ఇచ్చేవాళ్ళు. సొంత బియ్యం వండుకున్న మొదటిరోజు ఆ పిల్లలు గిన్నె అడుగు మాడు కోసం జుట్టు జుట్టు పట్టుకున్నారు. గోగులమ్మ విడదియ్యలేదు. మాది మాది అని వాళ్ళు కొట్టుకోవడం అదే మొదటిసారి. చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు ఆ వాడ బూడిద.

"అక్కా, ఇది రాజు పని కాదు, రాజగురువు పని," అన్నాడు వెనక నుంచి గంగులు. గంగులు అంటే గాడిదల మీద నార మోపులు తోలుకొచ్చే కుర్రాడు. ఎప్పుడూ భుజాన ఓ సంచి, సంచిలో ఓ ఉడుము. ఆ ఉడుముని 'బావగారూ' అని పిలిచేవాడు.

"ఎవడి పనైతే నాకేంటిరా? వాడి మెడ ఎక్కడుందో చెప్పు."

"చెప్తాను. ముందు ఇంకో సంగతి చెప్పాలి. నేను గంగుల్ని కాదు. వెండిగుట్ట యువరాజు శరభాంకుణ్ణి." అని తలపాగా తీశాడు. లోపల నుంచి బంగారు జుట్టుముడి, దాని మీద నాగమణి, ఆ మణి కాంతికి గాడిదలు రెండూ కళ్ళు మూసుకున్నాయి.

గోగులమ్మ ఆ మణి వంక ఓసారి చూసింది. "ఏరా, ఇంతటివాడివి అయ్యుండి నిన్న నాకు సగం తడిసిన నార తెచ్చావా?"

పద్దెనిమిది దీవుల్లో రాక్షసులతో పోరాడినవాడు నేల చూపులు చూసి తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు.

తర్వాత గబగబా చెప్పాడు. రాజగురువు కరుణాభైరవుడు అసలు మాంత్రికుడు. వయసు మూడొందల పైనే. చూడ్డానికి మీసం మొలవని కుర్రాడిలా ఉంటాడు. చాచిన చెయ్యి చూపించి ఎవరు "మీ చలవ" అన్నా, ఆ మాట గాలిలో తేలుతూ పోయి వాడి ఒంట్లో చేరి ఆయుష్షు అవుతుంది. గోగులమ్మ పిల్లలు ఆ మాట మానేసి సొంతకూడు తిన్న దగ్గర్నుంచి వాడి తల నెరుస్తోంది. అందుకే కడుపుమంట.

"ఇవాళ మధ్యాహ్నం శంఖం ఊదగానే దానోత్సవం. పిల్లల చేతుల మీద తీర్థం చల్లుతాడు. ఆ నీళ్ళు పడిన చెయ్యి చాచినట్టే ఉండిపోతుంది అక్కా. వేళ్ళు ఇంక ముడవడానికి రావు. ముద్ద కలపలేరు, నార పట్టుకోలేరు. బతికినన్నాళ్ళూ ఎవరో ఒకరు పెట్టాలి, వీళ్ళు 'మీ చలవ' అనాలి. వాడికి తరగని కొట్టు."

గోగులమ్మ ఇందాకటి నుంచి ఊపిరి తీసుకోలేదన్న సంగతి గంగులుకి అప్పుడు తెలిసింది. ఆవిడ ఊపిరి వదిలింది. పక్కన ఆరిపోతున్న బూడిద మళ్ళీ మండింది.

"పద," అంది.

* * *

దయామందిరం సింహద్వారం దగ్గర కత్తులు, కటార్లు తీసేసుకుంటారు. వాటికన్నా గట్టి కాపలా ఇంకొకటుంది. కన్నీటి పరీక్ష. దానోత్సవం చూడాలని వచ్చిన ప్రతివాడూ వెండి గిన్నెలో ఏడ్చి చూపించాలి. గిన్నె అడుగు తడవకపోతే జాలిలేని మనిషని వెనక్కి పంపిస్తారు. ఆ గిన్నె పట్టుకుని కూర్చున్న అధికారి పేరు అశ్రుపాలుడు. ఎవరి కన్నీళ్ళు అసలువో, ఎవరివి ఉల్లిపాయవో వాసన చూసి చెప్పేవాడు.

శరభాంకుడు రత్నాల వ్యాపారి వేషం వేశాడు. చేతిలో పొడుగాటి దంతపు కర్ర, భుజాన ఆ ఉడుము సంచే, ఒంటి నిండా నగలు. గోగులమ్మ ఆ వ్యాపారి మేనత్తనని చెప్పింది. పట్టుచీర కట్టుకున్నా ఆవిడ నడకలో తాళ్ళవాడ పోలేదు. భటులు తెలియకుండానే పక్కకి తప్పుకున్నారు.

"ఏడవండి బాబూ," అన్నాడు అశ్రుపాలుడు గిన్నె చాచి.

యువరాజు కళ్ళు చిట్లించాడు, ముక్కు పిండుకున్నాడు. పాపం ధీరోదాత్తుడు. పుట్టినప్పుడు కూడా ఏడవలేదట. గోగులమ్మ వెనక నుంచి నడుం మీద ఒక్క గిల్లు గిల్లింది. తాడు పురి బిగించే వేళ్ళవి. యువరాజు కళ్ళల్లోంచి గిన్నెలోకి ధార కట్టింది.

"భేష్. అమ్మా, మీరు?"

గోగులమ్మ లోపలికి చూసింది. ముంగిట్లో దర్జీలు కూర్చుని కొత్త చీరల్ని కత్తెర్లతో చింపుతున్నారు. పిల్లలు కట్టుకోడానికి. చిరుగు ఎక్కడుంటే ఎక్కువ జాలి పుడుతుందో పెద్ద దర్జీ చిన్న దర్జీకి నేర్పుతున్నాడు. "మోచేతి దగ్గర వద్దురా, భుజం దగ్గర చింపు. భుజం చూస్తే రాణులు బాగా ఏడుస్తారు."

గోగులమ్మ పళ్ళు కొరికింది. దవడ టకటకలాడింది. ఒళ్ళంతా వణికి, ఆపుకోలేని కోపం ఎటూ పోయే దారిలేక కళ్ళల్లోంచి తన్నుకొచ్చింది. గిన్నె నిండింది. పొర్లింది. అశ్రుపాలుడు కంగారుగా చెంబు తెప్పించాడు. చెంబు నిండితే బిందె తెప్పించాడు. ఆ నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయంటే బిందె మోసిన భటుడు చేతులు ఊదుకున్నాడు.

"ఇరవై ఏళ్ళ కొలువులో ఇంత దయగల తల్లిని చూడలేదు!" అని అశ్రుపాలుడు లేచి దణ్ణం పెట్టాడు. "ఇంత దయ మామూలు మనిషిలో ఇమడదు. పైకి వెళ్ళండమ్మా, పిల్లల్ని దగ్గర్నుంచి చూసి తనివితీరా ఏడవండి!"

* * *

మేడ పైన పెద్ద చావడి. ఒక గోడ నిండా మహారాజు నిలువెత్తు బొమ్మ. ఎదురుగోడకి లోయవైపు కిటికీ. ఆ బొమ్మకి ఎవరూ వీపు చూపించకూడదు. దాని ముందు నుంచి కదలాలంటే చేతులు కట్టుకుని, తల వంచుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోవాలి. తప్పితే కొరడా.

గోగులమ్మ గుమ్మంలో అడుగుపెట్టి అలాగే నిలబడిపోయింది.

పిల్లలందరూ వెనక్కి నడుస్తున్నారు. బొమ్మ దగ్గర మొదలుపెట్టి, చేతులు బొడ్డు దగ్గర ఆడిస్తూ, మెల్లగా, ఒద్దికగా, కిటికీ దాకా. మళ్ళీ బొమ్మ దగ్గరికొచ్చి మళ్ళీ వెనక్కి. కాపలా భటులు గోడకి చేరబడి పరవశంగా చూస్తున్నారు.

"పొద్దున్నుంచి ఇదే వరస తల్లీ," అన్నాడు ఒక భటుడు గోగులమ్మతో. "ఎంత భక్తో! మహారాజుకి దణ్ణాలు పెడుతూనే ఉన్నారు. బొమ్మకి తోరణం కూడా అల్లుతున్నారు."

తోరణమట. చిరుగుల చీరల్ని ఇంకా సన్నంగా చింపి, మూడు పేటలు కలిపి, బొడ్డు దగ్గర అరచేతుల మధ్య పురి ఎక్కిస్తూ, ఆ పిల్లలు రాజభటుల కళ్ళముందే పట్టు మోకు పేనేస్తున్నారు. వాడలో గుంజల మధ్య నడిచిన నడకే అది. ఒక్క అడుగు తేడా లేదు.

"భటుడా, నాకు ఏడుపొస్తోంది," అంది గోగులమ్మ. "మగవాళ్ళ ఎదుట ఏడవలేను. బయటికి పొండి."

బిందెడు ఏడ్చిన మనిషి. మేనల్లుణ్ణి మాత్రం ఉండనిచ్చి, భటులు గౌరవంగా తలుపు మూసి వెళ్ళారు.

"అక్కా!" పిల్లలు చుట్టుముట్టేశారు. అందరికన్నా చిన్నది, పిచ్చుక అని పిలిచే ఎనిమిదేళ్ళది, నడుం పట్టుకుని వేలాడింది. "ఎంతసేపటికొచ్చావు! మేం నీకోసం చూసి చూసి, ఇంక నువ్వు రావులే అని తాడు మొదలెట్టాం."

"నేను రాకపోతే ఏం చేద్దామనే?"

"దిగిపోదామని. నిన్నూ మేమే వచ్చి తీసుకెళ్దామని."

ముద్దొచ్చినా గోగులమ్మకి తెలిసిన దారి ఒకటే. చేతికందిన తాడు కొస లాగి చూసి గయ్యిమంది. "ఈ పేట ఇంత వదులేంటే? ఇది తాడా, జడా? ఇదిగో ఇది, ఇది ఎవరు పేనారు? ఎడమ పురి! చుక్కీ!"

రెండో తాడు చుట్ట పక్కన కూర్చున్న చుక్కి తలెత్తింది. దానిది ఎడమచేతి వాటం. దానపురిలో తాడన్నది కుడి పురే తిరగాలి. ఎడమ పురి అశుభమని తాళ్ళవాళ్ళ కట్టుబాటు. గోగులమ్మకి కూడా వాళ్ళ నాన్న అదే నేర్పాడు. చుక్కి తాడు అందరి తాళ్ళకీ ఎదురు తిరిగేది. రెండేళ్ళ నుంచి రోజూ తిట్లే.

"ఎన్నిసార్లు చెప్పానే? ఎదురు పురి తాళ్ళు రెండూ ముడేసి లాగితే ఒకదాన్ని ఒకటి విప్పేసుకుంటాయి. ప్రాణాలు పోతాయి!"

"అందుకే ముడెయ్యలేదు," అంది చుక్కి తాపీగా. "నాది విడిగా పేనాను. కాళ్ళకింద మీ తాడు, చేతికి పట్టుకోడానికి నాది. తిట్టడం అయిపోతే కిటికీలోంచి చూడు."

కిటికీ బయట పాముగొంతు లోయ నోరు తెరుచుకునుంది. అడుగున నది వెండి తీగలా కనబడుతోంది. ఆ లోయలో రాయి వేస్తే కిందపడిన చప్పుడు రాయి వేసినవాడి మనవడికి వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు. అవతలి కొండ పక్క రాజ్యం. అక్కడ దయాసాగరుడి శాసనం చెల్లదు.

శరభాంకుడు దంతపు కర్రని వంచి, పిల్లలు పేనిన సన్న తాడుని దానికి నారిగా బిగించాడు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు సంచిలోంచి ఉడుముని తీసి, దాని నడుముకి ఇంకో సన్నతాడు కట్టి, నారి మీద పెట్టాడు.

"బావగారూ, ఏమనుకోకండి," అని వదిలాడు.

ఉడుము లోయ మీద ఆకాశంలో పోతూ యువరాజు వంక ఒక చూపు చూసింది. ఆ చూపు ఆయన జీవితంలో మర్చిపోలేదు. పోయి అవతలి కొండకి కరుచుకుంది. ఏనుగులు లాగినా రాని పట్టు. యువరాజు ఆ సన్నతాడు మీద చేతులు మార్చుకుంటూ అవతలికి చేరి, పెద్ద తాళ్ళు రెండూ లాక్కున్నాడు. ఇవతలి కొసల్ని గోగులమ్మ కిటికీ రాతి కమ్మీకి బిగించింది. అవతల అంతా నున్నటి బండ. చెట్టు లేదు, మోడు లేదు. యువరాజు తాళ్ళు నడుముకి చుట్టుకుని, రాతి పగులులో మడమలు దూర్చి కూర్చున్నాడు. ఉడుము తన పని అయిపోయిందని నిర్ణయించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా కొండెక్కి పోయింది.

"పొండే! కిందికి చూడకండి. పట్టు మీద ధ్యాస పెట్టండి. పేనేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలా!"

పిల్లలు ఒకరి వెనక ఒకరు తాడెక్కారు. అవతలి బండ మీదికి చేరిన ప్రతి పిల్లా యువరాజు వెనక కూర్చుని తాడు పట్టుకుంటోంది.

అప్పుడు శంఖం మోగింది.

* * *

తలుపులు రెండూ విసురుగా తెరుచుకున్నాయి. కరుణాభైరవుడు. నీలిపట్టు, నవమల్లిక దండలు, చేతిలో మరకత కలశం, ముఖం చూస్తే నిండు పున్నమి. నవ్వితే గుమ్మానికి కట్టిన మావిడాకులు వాడిపోయాయి. చెవుల పక్కన మాత్రం తెల్ల వెంట్రుకలు.

చావడిలో గోగులమ్మ, చుక్కి మిగిలారు. తాడు మీద, సగం దారిలో, పిచ్చుక, దాని వెనక ఇంకో ముగ్గురు.

"అయ్యో బిడ్డలారా," అన్నాడు కరుణాభైరవుడు జాలిగా. "కష్టపడుతున్నారే! మీకెందుకమ్మా ఈ కష్టం?" అని కళ్ళు మూసుకుని విప్పుడు మంత్రం ఎత్తుకున్నాడు. దానపురిలో ఏ తాడైనా, ఏ ముడైనా ఆ మంత్రానికి పురి వదిలేస్తుంది. రాజ్యంలో తాళ్ళన్నీ ఒకే పురి తిరిగేవి కాబట్టి, ఆయన నేర్చుకున్నదీ ఆ ఒక్క పురిని వెనక్కి తిప్పడమే.

కాళ్ళకింది మోకు గిర్రున తిరిగింది. పేటలు విడిపోయాయి. పట్టు పోగులు దూదిలా లేచి లోయంతా రంగురంగులుగా ఎగిరిపోయాయి. పిల్లల కాళ్ళకింద ఏమీ లేదు.

"చేతులు!" గోగులమ్మ కేక లోయలో ఇప్పటికీ తిరుగుతోందంటారు. "చేతులు వదలకండే!"

నలుగురూ చుక్కి తాడుకి వేలాడుతున్నారు. కరుణాభైరవుడు మళ్ళీ మంత్రం చదివాడు. ఆ తాడు విడలేదు. బిగుసుకుంది. ఇంకా గట్టిగా చదివాడు. ఇంకా బిగుసుకుంది. వీణ తీగలా ఖంగుమని మోగింది. పురి ఎక్కువైన తాడు పొట్టిదవుతుంది కదా. అది పొట్టిదయ్యి, వేలాడుతున్న పిల్లల్ని పైకి లేపింది. అవతల యువరాజు మడమలు బండని చీల్చుకుంటూ ముందుకి జారాయి. పిచ్చుక కాళ్ళు తాడు మీదికి వేసుకుని, కోతిలా చకచకా పాకి అవతలికి దూకేసింది.

గోగులమ్మ చుక్కి వైపు తిరిగింది. రెండేళ్ళ తిట్లన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. "ఏం చూస్తున్నావే నావంక? తాడు ఎక్కు!" అంది. క్షమించమనడం ఆవిడకి అలాగే వచ్చు.

ఒక్కొక్క పిల్లా అవతల కాలు పెడుతుంటే కరుణాభైరవుడి ముఖం మీద ఒక్కొక్క ముడత పడుతోంది. నవ్వు పోయింది. పున్నమి చంద్రుడు ఎండు నిమ్మకాయ అయ్యాడు. కోపంతో కలశం ఎత్తి, కమ్మీ దగ్గర తాడు పట్టుకున్న చుక్కి చేతుల మీదికి తీర్థం విసిరాడు.

గోగులమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. నొప్పి లేదు. వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మూడేళ్ళ వయసు నుంచి నార పట్టిన వేళ్ళు, చీకట్లో కూడా పేట తేడా పట్టేసే వేళ్ళు, అరిటాకుల్లా విప్పారి అలా ఉండిపోయాయి. పిడికిలి బిగించమంది. అవి వినలేదు. మళ్ళీ బిగించమంది. వినలేదు.

"ఒక్కసారి 'మీ చలవ' అను గోగులమ్మా," అన్నాడు మాంత్రికుడు దగ్గుతూ. "ఒక్కటే మాట. నీ చేతులు నీకిచ్చేస్తాను. చేతుల్లేని పనిమంతురాలివి, ఏం తిని బతుకుతావు?"

గోగులమ్మ తన చేతుల వంక చూసుకుంది. చాచి ఉన్నాయి. స్తంభాల మీది రాతి చేతుల్లాగే ఉన్నాయి. ఆవిడకి ఈ జన్మలో వచ్చిన కోపాలన్నీ ఆ కోపం ముందు వేసవి మబ్బులు.

"నేను పేనాను, నేను తిన్నాను. నా పిల్లలు పేనారు, వాళ్ళు తిన్నారు," అంది. "మధ్యలో నీ చలవేంట్రా?"

అని తలతో ఒక్క పోటు పొడిచింది. మూడొందల ఏళ్ళ ఎముకలు చావడి పొడుగూతా వెనక్కి వెనక్కి దొర్లుకుంటూ పోయి మహారాజు బొమ్మలోంచి బయటికెళ్ళాయి. "పట్టుకోండి! నరకండి!" అని గోడ అవతల నుంచి ముసలి కేక వినిపించింది. మెట్ల మీద భటుల అడుగులు.

"నువ్వెళ్ళు చుక్కీ. నేను తాడు పట్టుకోలేను. పిల్లల్ని చూసుకో. గోగు పూతకి ముందే కొయ్యాలి, మర్చిపోకు. నానబెట్టిన నీళ్ళు..."

చుక్కి వినడం లేదు. గోగులమ్మ పైటకొంగు లాగి, ఆవిణ్ణి తన వీపుకేసి బిగించి, ముడి మీద ముడి వేస్తోంది.

"ఏంటే ఇది? విప్పు! ఇద్దరం పోతాం!"

"నోర్ముయ్ అక్కా."

గోగులమ్మని నోర్ముయ్యమన్న మనిషి ఆ భూమి మీద అంతకు ముందు పుట్టలేదు. ఆ ఆశ్చర్యంలో ఆవిడ నిజంగానే మూసుకుంది. ఈలోగా చుక్కి కిటికీ దాటింది. ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి వెనక. తడి నార మోపులు మోసి మోసి గట్టిపడిన భుజాలు. కాళ్ళకింద గాలి తప్ప ఏం లేదు. సగం దూరం వచ్చారు. వెనక కిటికీలో కత్తి తళుక్కుమంది.

"చుక్కీ, కాళ్ళు మెలిపెట్టు! తాడుకి కాళ్ళు మెలిపెట్టు, వాడు నరుకుతున్నాడు!"

ఒక వేటు. తాడు జివ్వుమంది. రెండో వేటు. ఒక పేట తెగి పైకి లేచింది. మూడో వేటుకి కిటికీ, మందిరం, కలశాలు, ఆకాశం అన్నీ ఒక్కసారి పక్కకి దొర్లాయి. ఇద్దరూ లోయలోకి ఊగిపోయారు. అవతలి కొండ గోడ వాళ్ళ మీదికి పరుగెత్తుకుంటూ వస్తోంది. చుక్కి మోకాళ్ళు మడిచి రాతిని తన్నింది. దెబ్బకి ఎముకలు జల్లుమన్నాయి. తాడు కొసన వేలాడుతూ గిరగిరా తిరుగుతున్నారు. పక్కనే ఒక బాణం రాతికి తగిలి విరిగింది. తర్వాత ఇంకొకటి.

గోగులమ్మ తలెత్తి చూసింది. పైన బండ అంచున కట్టడానికి చెట్టు లేదు, గుంజ లేదు. వాళ్ళ బరువుకి బోర్లాపడి, అంచు దాకా ఈడ్చుకొచ్చిన యువరాజు. అతని వెనక పిచ్చుక, దాని వెనక మిగతా పిల్లలందరూ, వెనక్కి వాలి, మడమలు తన్నిపెట్టి, తాడు పట్టుకుని ఉన్నారు. తాడు వాళ్ళ అరచేతుల్ని కోసేస్తోంది. దాని మీదుగా ఎర్రగా కారుతోంది. ఒక్క పిడికిలీ విడలేదు.

"వదిలారంటే చంపేస్తానే!" అని అరిచింది గోగులమ్మ. "వెనక్కి నడవండి!"

ఒక అడుగు. తాడు జానెడు పైకి లేచింది.